చ్యావ్, నెడ్, రోడ్‌మ్యాన్: బ్రిటన్‌లో ఈ మాటలు తెలుసుకోండి, వాడకండి

"అన్నా, మా ఆఫీసులో ఎవరినో 'చ్యావ్' అని నవ్వుకుంటున్నారు. అంటే ఏంటి? మనమూ అనొచ్చా?" బ్రిటన్‌కి కొత్తగా వచ్చిన తమ్ముళ్లు, చెల్లెళ్లు నన్ను తరచూ అడిగే సందేహాల్లో ఇదొకటి. అర్థం బాగా తెలుసుకోండి, నోట మాత్రం రానివ్వకండి అని చెబుతుంటాను. డిక్షనరీలో చూస్తే ఈ మాట సంగతి సగమే తెలుస్తుంది, అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

ట్రాక్‌సూటు, బేస్‌బాల్ క్యాప్, మెరిసే గొలుసులు వేసుకుని, గట్టిగా అరుచుకుంటూ గుంపుగా తిరిగే కుర్రకారుని చ్యావ్‌లు అంటారని డిక్షనరీ చెబుతుంది. అదే ట్రాక్‌సూటు ఖరీదైన ప్రైవేటు స్కూల్లో చదివిన అబ్బాయి వేసుకుంటే వాణ్ణి ఎవరూ చ్యావ్ అనరు. కౌన్సిల్ ఇళ్లలో (స్థానిక ప్రభుత్వం తక్కువ అద్దెకి ఇచ్చే ఇళ్లు) పెరిగినవాళ్లని, పెద్ద చదువులు చదవని కుటుంబాల పిల్లల్ని చులకన చేయడానికే ఈ మాట పుట్టుకొచ్చినట్టు వాడతారు. మన దగ్గర 'పోరంబోకు వెధవ' అన్నప్పుడు వినపడే ఈసడింపే ఇక్కడా వినపడుతుంది.

2004లో ఆక్స్‌ఫర్డ్ డిక్షనరీ వాళ్లు దీన్ని ఆ ఏటి మాటగా ఎంచారు. అప్పట్లో పత్రికలు, టీవీ కామెడీలు ఈ కుర్రాళ్ల మీద జోకులతో నిండిపోయేవి. బర్బెరీ అనే ఖరీదైన బట్టల బ్రాండ్ గళ్ల కథ చూస్తే విషయం ఇంకా బాగా అర్థమవుతుంది. ఇసుక రంగు మీద నలుపు, తెలుపు, ఎరుపు చారలుండే ఆ గళ్లు ఒకప్పుడు ఖరీదైన రెయిన్‌కోటు లోపల లైనింగ్‌గా ఉండేవి. వాటితో టోపీలు, స్కార్ఫులు వచ్చాక ఫుట్‌బాల్ అభిమానులూ, టౌన్లలో కుర్రాళ్లూ మోజుగా కొనుక్కున్నారు, నకిలీలు కూడా కుప్పలుగా వచ్చాయి. అంతే, కొన్ని పబ్బుల్లో ఆ గళ్లు వేసుకున్నవాళ్లని గుమ్మం దగ్గరే ఆపేశారు. చివరికి కంపెనీయే ఆ క్యాప్ తయారీ మానేసింది. 2005లో కెంట్‌లోని బ్లూవాటర్ షాపింగ్ సెంటర్ హూడీలు, క్యాపులు నిషేధించింది. తల మీద ఏముందో చూసి మనిషిని అంచనా కట్టడం ఎంత దూరం వెళ్లిందో చూడండి.

మాట పుట్టుక గురించి మీకు చాలామంది 'కౌన్సిల్ హౌస్డ్ అండ్ వయొలెంట్' అనేదానికి పొట్టి రూపం అని చెబుతారు. అది తర్వాత అల్లిన కథ. జిప్సీల భాష అయిన రొమానీలో అబ్బాయిని 'చావో' అంటారు, దాన్నుంచే ఇంగ్లిష్‌లోకి వచ్చిందని భాషావేత్తలు ఎక్కువగా నమ్ముతారు. రొమానీ ప్రజల పూర్వీకులు సుమారు వెయ్యేళ్ల కిందట మన ఉపఖండం నుంచే బయల్దేరారు. వాళ్ల 'చావో'కీ, మనం సింహశావకం అన్నప్పుడు వాడే సంస్కృత పదానికీ చుట్టరికం ఉందంటారు. పిల్లవాడు అనే ముద్దు మాట తిట్టుగా మారిపోవడం నాకు బాధగా ఉంటుంది.

ఊరు మారితే పేరూ మారుతుంది. న్యూకాసిల్ వైపు 'చార్వా', లివర్‌పూల్‌లో 'స్కాలీ', బెల్‌ఫాస్ట్‌లో 'స్పైడ్'. గ్లాస్గోలో ఉద్యోగం వచ్చినవాళ్లకి 'నెడ్' వినిపిస్తుంది. దీనికీ 'నాన్ ఎడ్యుకేటెడ్ డెలింక్వెంట్' అని ఒక విస్తరణ కల్పించారు. అదీ నిజం కాదు, మాట అంతకంటే పాతది. సంపన్నుల పిల్లలకీ 'స్లోన్', 'రా' లాంటి పేర్లున్నాయి కానీ వాటివల్ల ఎవరికీ ఉద్యోగం రాకుండా పోదు, ఎవరినీ పోలీసులు ఆపరు.

లండన్‌లో ఇప్పుడు ఎక్కువగా వినపడేది 'రోడ్‌మ్యాన్', అంటే వీధుల్లో తిరిగే కుర్రాడు. జమైకా నుంచి వచ్చిన కుటుంబాల యాస ప్రభావం బాగా ఉన్న కుర్రాళ్ల భాషలోది. మీ పిల్లలు స్కూలుకి వెళ్లిన కొద్ది నెలల్లోనే 'బ్రవ్' (బ్రో), 'ఇన్నిట్' (కదా), 'వాగ్వాన్' (ఏంటి సంగతులు) అంటూ ఇంటికొస్తారు. టెన్షన్ పడకండి. అన్ని దేశాల పిల్లలూ కలిసి పెరిగే చోట పుట్టిన యాస అది, దాని మీద యూనివర్సిటీల్లో పరిశోధనలే జరిగాయి. అయితే బయటివాళ్లు రోడ్‌మ్యాన్ అన్నప్పుడు చాలాసార్లు వాళ్ల మనసులో ఉండేది నల్లజాతి కుర్రాడు. అది పిల్లలకి తప్పకుండా చెప్పండి.

ఒక్క మాట మాత్రం సరదాకి కూడా పలకొద్దు: 'పైకీ'. సంచార జీవనం గడిపే జిప్సీలని, ఐరిష్ ట్రావెలర్లని కించపరిచే జాతి దూషణ అది. చట్టం వాళ్లని ప్రత్యేక జాతి సమూహాలుగా గుర్తించింది, 2010 ఈక్వాలిటీ యాక్ట్ వాళ్లకి రక్షణ ఇస్తుంది. ఆఫీసులో నోరు జారితే హెచ్‌ఆర్ దాకా వెళ్తుంది. కంపెనీ స్పాన్సర్‌షిప్‌తో వచ్చే వీసా మీద ఉన్నవాళ్లకి ఉద్యోగం పోతే, ఇంకో స్పాన్సర్‌ని వెతుక్కోవడానికో దేశం విడిచి వెళ్లడానికో సాధారణంగా మిగిలేది 60 రోజుల గడువే.

చ్యావ్‌కి ఆ చట్టంలో చోటు లేదు, ఎందుకంటే వర్గం అనేది ఆ రక్షణ జాబితాలో లేదు. అంతమాత్రాన గాయం తక్కువ కాదు. మా టీములో కొత్తగా చేరిన ఒకబ్బాయి లంచ్‌లో ఓ ఏరియా గురించి మాట్లాడుతూ "అక్కడంతా చ్యావ్‌లేగా" అన్నాడు. ఎదురుగా కూర్చున్న సీనియర్ ఇంజినీరు ఫోర్కు ప్లేట్‌లో పెట్టేసి, "మా అమ్మ ఇప్పటికీ అక్కడే ఉంటుంది" అంది. ఆ అబ్బాయి మంచివాడే, ఎవరో అంటే విని అన్నాడు. పక్కన వేరేవాళ్లు అంటున్నప్పుడు మీరు నవ్వు కలపకపోయినా చాలు, ఎవరూ ఏమీ అనుకోరు.

మన వాట్సాప్ గ్రూపుల్లో ఇల్లు వెతికేటప్పుడు కూడా "అది చ్యావ్ ఏరియా, వద్దు" అని పెడుతుంటారు. దయచేసి ఆ మాట నమ్మి నిర్ణయం తీసుకోకండి. పోలీస్ డాట్ యూకే వెబ్‌సైట్‌లో పోస్ట్‌కోడ్ కొడితే ఆ వీధుల్లో ఏ నేరాలు నమోదయ్యాయో మ్యాప్‌లో కనిపిస్తాయి. సాయంత్రం ఏడింటప్పుడు ఒకసారి, శనివారం రాత్రి ఒకసారి ఆ వీధిలో నడిచి చూడండి. నిజంగా ఎవరైనా ఇబ్బంది పెడితే ఏం చేశారో, ఎప్పుడు చేశారో చెప్పి 101కి ఫోన్ చేయండి, ప్రమాదం ఎదురుగా ఉంటే 999. మన రంగునో మతాన్నో తిడితే అది హేట్ క్రైమ్ అని స్పష్టంగా చెప్పండి. ఆ కుర్రాళ్లు ఏ బట్టలు వేసుకున్నారనేది వాళ్లని గుర్తుపట్టడానికి పోలీసులు అడిగితే చెబితే సరిపోతుంది.