సిటీ కాలేజ్ ఆఫ్ శాన్‌ఫ్రాన్సిస్కోలో ఏం చదవొచ్చు, అసలు మంచిదేనా?

కమ్యూనిటీ కాలేజీ (అమెరికాలో రెండేళ్ల ప్రభుత్వ కాలేజీ) అనగానే మనవాళ్లు చాలామంది తేలిగ్గా తీసేస్తారు, దీన్ని మాత్రం అలా చూడకండి. 1935లో మొదలైనప్పుడు సొంత భవనాలే లేవు, క్లాసులు ఊరంతా తలో చోట జరిగేవి, పిల్లలు ఒక క్లాసు అవగానే పుస్తకాలు చంకన పెట్టుకుని ట్రామెక్కి ఇంకో క్లాసుకి వెళ్లేవాళ్లు, అందుకే ‘ట్రాలీ కార్ కాలేజీ’ అనే పేరు పడింది. ఇక్కడ రెండేళ్లు చదివి యూనివర్సిటీకి మారొచ్చు. నర్సింగ్ ఉంది, హోటల్ వంట ఉంది. కొత్తగా వలస వచ్చినవాళ్లకి ఇంగ్లీషు క్లాసులు ఉచితంగా చెప్తారు, నాకు బాగా నచ్చేది ఇదే. 2012లో కాలేజీ గుర్తింపు (అక్రెడిటేషన్) పోతుందేమోనన్న టెన్షన్ మొదలైంది, 2017లో తీరింది. అదే ఏడాది నుంచి ఆ నగరవాసుల ట్యూషన్ ఫీజు నగరమే కట్టడం మొదలుపెట్టింది.