మంచాన పడ్డ మనిషిని చూసుకునే భార్యకు ప్రభుత్వం ఏమైనా ఇస్తుందా?

ప్రశ్న: మాది పల్నాడు జిల్లాలో ఒక పల్లె. రెండేళ్ల కిందట మేకలకు రొట్ట కొడుతూ మా ఆయన వేపచెట్టు మీంచి పడ్డాడు. వెన్నుపూస దెబ్బతిని నడుము కింద స్పర్శ పోయింది. సదరంలో (వైకల్యం శాతం తేల్చే వైద్య పరీక్ష) 90 శాతం రాశారు. నెలకు 6,000 పింఛను వస్తోంది. పుండ్లు పడకుండా గంట గంటకూ పక్కకు తిప్పాలి, మూత్రం సంచి మార్చాలి. అన్నీ నేనే. మిర్చి కోతలకు పోవడం మానేశాను. చూసుకునేవాళ్లకు కూడా డబ్బు ఇవ్వాలని చట్టంలో ఉందని ఒకరన్నారు. గ్రామ సచివాలయంలో అడిగితే అలాంటిదేం లేదన్నారు. ఎవరి మాట నిజం?

జవాబు: అమ్మా, ఇద్దరి మాటా నిజమే. చట్టంలో ఉంది, సచివాలయం జాబితాలో లేదు. ఆ సంగతి తర్వాత చెబుతాను. ముందు మీకు రావాల్సింది ఇంకొకటి ఉంది.

ఆంధ్రప్రదేశ్‌లో 2024లో పింఛన్లు పెంచినప్పుడు మామూలు దివ్యాంగుల పింఛను 3,000 నుంచి 6,000 అయింది. పక్షవాతంతోనో ప్రమాదంలో దెబ్బతినో మంచానికీ చక్రాల కుర్చీకీ పరిమితమైనవారికి వేరే రకం ఉంది. అది 5,000 నుంచి 15,000 అయింది. మీ ఆయనకు రావాల్సింది అదేనని నా అభిప్రాయం. ఇక్కడ చాలామంది శాతం దగ్గరే పొరబడతారు. 90 ఉంది కదా, అదే వస్తుందిలే అనుకుంటారు. కానీ చూసేది శాతం ఒక్కటే కాదు, మనిషి లేవగలడా లేడా అన్నది కూడా. మీ కాగితాలు ఒకసారి తీసి చూడండి. ‘కదలికల లోపం, 90 శాతం’ అని మాత్రమే ఉండి, మంచానికే పరిమితమయ్యాడన్న ముక్క ఎక్కడా లేకపోతే చిక్కంతా అక్కడే. ఆయనను చూస్తున్న ప్రభుత్వాసుపత్రి డాక్టరు చేత ఆ మాట స్పష్టంగా రాయించుకోండి. దాన్ని జతచేసి, పింఛను రకం మార్చమని వెల్ఫేర్ అసిస్టెంట్‌కు అర్జీ ఇచ్చి రసీదు అడగండి. నోటిమాటగా ‘చూస్తాంలే’ అంటే సోమవారం కలెక్టరేట్‌లో జరిగే గ్రీవెన్సులో అదే అర్జీ ఇవ్వండి. అక్కడ నంబరు పడుతుంది. 2025లో ఈ 15,000 పింఛన్ల తనిఖీకి డాక్టర్లు ఇళ్లకే వెళ్లారు. కాబట్టి ఆయనను మోసుకుని తిరగలేమని, ఇంటికే వచ్చి చూడమని అర్జీలోనే రాయండి.

ఇక చట్టం మాట. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం, సంరక్షకులంటే జీతానికి పెట్టుకున్న ఆయా మాత్రమేనని చెప్పలేదు. జీతం లేకుండా చేసే కుటుంబసభ్యులూ సంరక్షకులే అంది. అంటే రాత్రి రెండింటికి లేచి మీరు చేస్తున్న పనికి చట్టంలో పేరుంది. 24వ సెక్షన్ ప్రభుత్వాలు పెట్టాల్సిన పథకాలను చెబుతూ, ఎక్కువ సాయం అవసరమైన దివ్యాంగులకు సంరక్షక భత్యాన్నీ చేర్చింది. కానీ అదే సెక్షన్ మొదట్లో ‘ఆర్థిక స్తోమత మేరకు’ అన్న మాట ఉంది. ప్రభుత్వాలు తప్పించుకునే సందు అదే. కేరళ మాత్రం ‘ఆశ్వాసకిరణం’ పేరుతో మంచాన పడ్డవారిని చూసుకునేవారికి నెలకు 600 రూపాయలు పెట్టింది. ఆ 600తో ఏమొస్తుందని మీరడగొచ్చు, నేనూ అదే అడుగుతాను.

పథకం లేదు కాబట్టి ఊరుకోమని మాత్రం నేను చెప్పను. 38వ సెక్షన్ ప్రకారం 40 శాతం, ఆపైన వైకల్యం ఉన్న ఏ దివ్యాంగుడైనా తనకు అధిక సాయం కావాలని దరఖాస్తు పెట్టుకోవచ్చు. ఆయన తరఫున మీరూ పెట్టొచ్చు. దాన్ని మదింపు బోర్డుకు పంపాలి. ఏ సాయం ఎంత అవసరమో బోర్డు రాసిచ్చాక దాని ప్రకారం అధికారులు చర్య తీసుకోవాలి, అదీ అమల్లో ఉన్న పథకాలకు లోబడి. దరఖాస్తును జిల్లా విభిన్న ప్రతిభావంతుల సంక్షేమ శాఖ అసిస్టెంట్ డైరెక్టర్ (ఏడీ) ఆఫీసులో ఇచ్చి, కలెక్టర్‌కు ఒక ప్రతి పంపండి. ఎన్నిసార్లు తిప్పుతారు, ఎన్ని గంటలు పడుతుంది, మానేసిన కూలి ఎంత అన్నది రోజువారీగా రాయండి. ‘చాలా కష్టంగా ఉంది’ అని రాస్తే ఫైలు కదలదు.

జవాబు రాకపోతే రాష్ట్ర దివ్యాంగుల కమిషనర్‌కు ఫిర్యాదు చేయొచ్చు. కమిషనర్ సిఫారసు చేస్తే సంబంధిత అధికారి చర్య తీసుకుని మూడు నెలల్లో తెలియజేయాలి, ఒప్పుకోకపోతే కారణం చెప్పాలి. ఆ తర్వాతి మెట్టు హైకోర్టులో రిట్, అంటే అధికారులను ఆదేశించమని కోర్టును కోరే పిటిషన్. కోర్టు నేరుగా భత్యం ఇప్పిస్తుందని ఆశపెట్టను. పథకం పెట్టడమన్నది ప్రభుత్వ విధానమని కోర్టులు వెనకాడుతుంటాయి. దరఖాస్తును పరిశీలించి ఇంత గడువులో తేల్చమనే ఉత్తర్వు మాత్రం తెచ్చుకోవచ్చు. తెలంగాణ పాఠకులకు ఒక మాట: అక్కడ దివ్యాంగుల పింఛను 4,016. ఈ 15,000 రకం ఆంధ్రప్రదేశ్‌ది. 38వ సెక్షన్ దారి మాత్రం ఇద్దరికీ ఒకటే.

లాయరు ఫీజు గురించి బెంగ వద్దు. దివ్యాంగులకూ మహిళలకూ ఆదాయంతో నిమిత్తం లేకుండా న్యాయ సేవాధికార సంస్థ ఉచితంగా లాయరును ఇస్తుంది. 15100కి ఫోన్ చేయండి, లేదా దగ్గరి కోర్టు ఆవరణలో మండల న్యాయ సేవల కమిటీకి వెళ్లండి. సదరం సర్టిఫికెట్, ఆసుపత్రి డిశ్చార్జి కాగితం, ఆధార్, అర్జీల రసీదులు పట్టుకెళ్లండి. ఆయన రానక్కర్లేదు.