డాక్టర్ సలహా: మైదా లేదు, పంచదార లేదు... అయినా షుగర్ ఎందుకు పెరిగింది?

ప్రశ్న: నా వయసు 58. ఆరేళ్లుగా మధుమేహం ఉంది, మెట్‌ఫార్మిన్ వాడుతున్నాను. బేకరీ బిస్కెట్లు మానేసి, రెండు నెలలుగా ఇంట్లోనే ఓవెన్‌లో పండ్ల గుజ్జు నింపిన కుకీ బార్లు చేసుకుంటున్నాను. మరలో పట్టించిన గోధుమపిండి పావుకిలో, ఖర్జూరం, ఎండు అంజీర కలిపి పావుకిలో, అనకాపల్లి బెల్లం 150 గ్రాములు, వెన్న 125 గ్రాములు వేస్తాను. 16 ముక్కలు వస్తాయి. సాయంత్రం ఆరు గంటలకు టీతో రెండు తింటాను. ఎనిమిదింటికి భోజనం. ఆ తర్వాత రెండు గంటలకు చూస్తే 170 ఉండే షుగర్ ఇప్పుడు 230 ఉంటోంది. కారణం ఏమిటి? మావారికి కిడ్నీ సమస్య ఉంది. ఆయన వీటిని తినవచ్చా?
- ఒక పాఠకురాలు, ఎంవీపీ కాలనీ, విశాఖపట్నం

జవాబు: అమ్మా, కొలతలతో సహా రాసి చాలా మంచి పని చేశారు. మీ ప్రశ్నకు జవాబు ఆ కొలతల్లోనే ఉంది.

ముందుగా, గోధుమపిండిని అనుమానించకండి. జల్లించకుండా వాడిన పిండిలో తవుడు, మొలక భాగం అలాగే ఉంటాయి. వంద గ్రాములకు సుమారు 11 గ్రాముల పీచు దొరుకుతుంది. మైదాలో అది మూడు గ్రాములు కూడా ఉండదు. బేకరీ బిస్కెట్లు మానడం కూడా మంచి నిర్ణయమే. షుగర్‌ను పెంచింది ముఖ్యంగా లోపల నింపిన గుజ్జు, దానికి తోడైన బెల్లం.

లెక్క చూద్దాం. ఎండిన పండులో నీరు పోయి చక్కెర చిక్కబడుతుంది. వంద గ్రాముల ఖర్జూరంలో 65 గ్రాములకు పైగా, ఎండు అంజీరలో 50 గ్రాములకు కాస్త అటూ ఇటుగా చక్కెరలే ఉంటాయి. బెల్లం దాదాపు అంతా చక్కెరే. ఇవి కలిపి ఒక్కో ముక్కకు సుమారు 18 గ్రాముల చక్కెర పడుతోంది. అంటే నాలుగు చెంచాల పంచదార. పిండిలోని పిండిపదార్థం కూడా కలిపితే ముక్కకు 28 గ్రాముల కార్బోహైడ్రేట్. మీరు తినే రెండు ముక్కలు దాదాపు మూడు పుల్కాలతో సమానం, కేలరీలు 370 వరకు ఉంటాయి. సాయంత్రం పెరిగిన షుగర్ పూర్తిగా దిగకముందే రాత్రి భోజనం దానిమీద పడుతోంది. అందుకే 230 కనిపిస్తోందని నా అంచనా. నిర్ధారించుకోవాలంటే ఒక వారం భోజనానికి ముందు కూడా చూసి రాసుకోండి.

బెల్లంలో ఇనుము ఉంటుంది కదా అని చాలామంది అడుగుతారు. ఉంటుంది, కానీ దాని కోసం మధుమేహం ఉన్నవారు తినాల్సిన బెల్లం చాలా ఎక్కువ. రక్తంలో చక్కెరను పెంచడంలో బెల్లానికీ పంచదారకూ చెప్పుకోదగ్గ తేడా లేదు. అనకాపల్లి బెల్లం మీద మన ప్రాంతంవారికి ఉన్న మమకారం నాకు తెలుసు. అయినా ఈ వంటలోంచి దాన్ని పూర్తిగా తీసేయమనే చెబుతాను. ఖర్జూరం తీపి సరిపోతుంది.

బార్లు మానేయనక్కర్లేదు. ఖర్జూరాన్ని వంద గ్రాములకు తగ్గించి, మిగిలిన గుజ్జు కోసం పావుకిలో తాజా పండు వాడండి. రైతుబజారులో దొరికే దోర జామకాయలు నాకు అన్నిటికన్నా నచ్చుతాయి. గింజల భాగం తీసి, తొక్కతోనే సన్నగా తరిగి, దాల్చినచెక్క పొడితో నీరు ఇంకేదాకా మగ్గబెట్టండి. ఆపిల్ అయినా తొక్కతోనే. పావుకిలో గోధుమపిండిలో మూడో వంతు తీసి చోడిపిండి (రాగిపిండి) కలిపితే కాల్షియం బాగా అందుతుంది. ఈ పిండ్లు నీరు ఎక్కువ పీల్చుకుంటాయి కాబట్టి ముద్దను అరగంట నాననివ్వండి, లేకపోతే బార్లు పొడిపొడిగా విరుగుతాయి. వెన్న 80 గ్రాములు చాలు. వెన్న కొవ్వులో సగానికి పైగా సంతృప్త కొవ్వే. వెన్నకు బదులు వనస్పతి మాత్రం వద్దు.

ఇలా చేస్తే ముక్కకు కార్బోహైడ్రేట్ 16 గ్రాములకు దిగుతుంది. రోజుకు ఒక్కటే తినండి, చక్కెర లేని టీతో. పక్కన గుప్పెడు వేయించిన వేరుశనగ గుళ్లు ఉంటే ఆకలి తీరుతుంది. ఆ పూట రాత్రి అన్నం కొంచెం తగ్గించండి. తిన్నాక అరగంట నడవడం మీకు ఎంతో మేలు చేస్తుంది, బీచ్ రోడ్డు దాకా వెళ్లగలిగితే మరీ మంచిది.

నిల్వ గురించి ఒక మాట. విశాఖ ఉక్కపోతలో తడి గుజ్జు ఉన్న బార్లు బయట ఉంచితే త్వరగా బూజు పడతాయి. చల్లారగానే గాలి చొరని డబ్బాలో పెట్టి ఫ్రిజ్‌లో ఉంచి, నాలుగైదు రోజుల్లో తినేయండి. బూజు కనిపిస్తే ఆ ముక్కనే కాదు, మొత్తం పారేయండి. మరపిండిలో మొలక నూనె ఉంటుంది కాబట్టి అది కూడా త్వరగా ముక్కిపోయిన వాసన వస్తుంది. పిండి కొద్దికొద్దిగా పట్టించుకోండి.

మాత్ర మోతాదు మీరుగా పెంచుకోవద్దు. ఈ మార్పులు రెండు వారాలు పాటించండి. తర్వాత కూడా భోజనం చేసిన రెండు గంటలకు షుగర్ 180 దాటుతుంటే, రాసుకున్న రీడింగులతో మీ డాక్టర్‌ను కలవండి. మూడు నెలల సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ పరీక్ష చేయించి మూడు నెలలు దాటి ఉంటే అది కూడా చేయించుకోండి.

ఇక మీవారి సంగతి. ఎండు ఖర్జూరం, అంజీర, బెల్లంలో పొటాషియం ఎక్కువ. కిడ్నీలు దాన్ని సరిగా బయటికి పంపలేకపోతే గుండె లయ దెబ్బతినే ప్రమాదం ఉంది. చోడిపిండిలో, పొట్టుతో ఉన్న గోధుమపిండిలో ఫాస్ఫరస్ కూడా ఉంటుంది. మీకు మంచిదని నేను చెప్పిన జామ కూడా ఆయనకు సరిపడకపోవచ్చు. పొటాషియం, క్రియాటినిన్ తాజా రిపోర్టులు కిడ్నీ డాక్టర్‌కు చూపించి, ఎంత తినవచ్చో ఆయన చెప్పేవరకు ఈ బార్లు మీవారికి పెట్టకండి.