నిమ్మగడ్డి నూనె తక్కువ రావడం, మాడు వాసన: కారణాలు

అన్నా, దేవరకొండ దగ్గర మీ యూనిట్‌ల 500 కిలోల నిమ్మగడ్డికి కిలో నూనే వచ్చిందని, అది కూడా మాడు వాసనతో గోధుమ రంగుల ఉందని రాసిన్రు. పచ్చిగడ్డి బరువుల 0.5 శాతం లెక్కేసినా రెండున్నర కిలోలు రావాలె.

ముందు వాసన సంగతి. నీళ్లు మరిగించి ఆవిరితోని నూనె తీసే డ్రమ్ముల, గడ్డి ఉండే జాలీ పళ్లెం నీటిమట్టానికి కనీసం జానెడు పైన ఉండాలె. మసిలే నీళ్లు ఎగిరి గడ్డిని తడిపినా, నడుమల నీళ్లు అయిపోయి అడుగు కాలినా ఆ మాడు నూనెకు పట్టుకుంటది, తర్వాత ఏం చేసినా పూర్తిగా పోదు. డ్రమ్ము మామూలు ఇనుముదైతే తుప్పుతోని రంగు కూడా మారుతది. ఖర్చయినా స్టెయిన్‌లెస్ స్టీలే పెట్టండి.

ఇక దిగుబడి. కోసిన గడ్డిని కుప్ప పోస్తే లోపల వేడెక్కి పులుస్తది. నీడలో పలుచగా పరిచి ఒక రాత్రి వాడనియ్యండి. నింపేటప్పుడు అంచుల దగ్గర గట్టిగ తొక్కాలె. సందుంటే ఆవిరి అక్కడినుంచే పైకి పోయి, నడుమ గడ్డిల నూనె అట్లనే మిగులుతది. ఆవిరి మొదలైనంక 2–3 గంటలు నడపండి. కండెన్సర్‌ (ఆవిరిని చల్లార్చి నీళ్లు చేసే గొట్టం) నుంచి పడే నీళ్లు చేతికి వేడిగ తగిలితే నూనె గాలిల పోతున్నట్టే. మన దిక్కు ఎండకాలం కండెన్సర్‌ను చల్లార్చే తొట్టి నీళ్లే కాగుతయి, తెల్లారకముందే పొయ్యి అంటించండి.

కండెన్సర్‌ నుంచి పడ్డ నీళ్ల మీద నూనె పైన తేలుతది. కింది నీళ్లు తీసేసి, రాత్రంతా తేరనిచ్చి, వడగట్టి, అల్యూమినియం డబ్బాల నిండుగ పోసి నీడలో పెట్టండి.