మార్కులు బాగా వచ్చే అబ్బాయిని ఎలక్ట్రీషియన్ ట్రేడ్‌కి పంపొచ్చా?

పంపొచ్చండి. కాకపోతే మీ ప్రశ్నలో ఒక్క మాట దగ్గర ఆగిపోయాను. "మార్కులు బాగానే వస్తాయి, అయినా డిగ్రీ వద్దు, ఎలక్ట్రీషియన్ కోర్సులో చేరతానంటున్నాడు, ఇంట్లో ఎవరికీ ఇష్టం లేదు" అని రాశారు. ఆ "అయినా" ఉంది చూశారా, అది నాకు బాగా తెలిసిన మాట. మార్కులు రానివాళ్లు చేసుకునే పని అని దాని అర్థం. ఇరవై రెండేళ్లుగా ఫ్యాక్టరీల్లో ఎలక్ట్రికల్ మెయింటెనెన్స్ చేస్తున్నాను. చేరినప్పుడు నేనూ అలాగే అనుకున్నాను. నిజం చెప్పాలంటే లెక్కల బాధ తప్పుతుందనే చేరాను.

తప్పలేదు. మొదటి నెలలోనే వోల్టేజి, కరెంటు, నిరోధం మధ్య లెక్క చెప్పే ఓమ్ సూత్రం ఎదురైంది. కేబుల్ ఇంత పొడవుంటే చివర్లో వోల్టేజి ఎంత తగ్గుతుంది, ఇంత లోడుకి ఎంత మందం వైరు కావాలి, అన్నీ లెక్కలే. కాకపోతే బోర్డు మీద చూసినప్పుడు బుర్రకెక్కనిది ఇక్కడ ఎక్కింది. కరెంటు రెట్టింపైతే వేడి నాలుగింతలవుతుందని పుస్తకంలో చదివి మర్చిపోయాను. వేడెక్కి మెత్తబడిన వైరుని వేళ్లతో పట్టుకుని చూశాక మర్చిపోలేదు.

ఈ పనిలో తల వాడాల్సింది ఎక్కడో ఒక ఉదాహరణ చెప్తాను. అప్రెంటిస్‌గా నాకది రెండో ఏడు. ఒక పంపు మోటారు ఆరు నెలల్లో రెండుసార్లు కాలిపోయింది. విప్పడం, లోపలి తీగ చుట్టల్ని (వైండింగ్) కొత్తగా చుట్టే రివైండింగ్‌కి పంపడం, తెచ్చి బిగించడం, మళ్లీ కాలడం. మూడోసారి బిగించాక కరెంటు మితిమీరితే మోటార్ని ఆపేసే ఓవర్‌లోడ్ రిలే మాటిమాటికీ ట్రిప్ అవుతోంది. ఉత్పత్తి ఆగిపోతోందని సూపర్‌వైజర్‌కి టెన్షన్. రిలే సెట్టింగ్ కాస్త పెంచెయ్యండి, నడుస్తుంది అన్నాడు. నిజంగానే నడుస్తుంది, మళ్లీ కాలిపోయేదాకా.

నాకు పని నేర్పిన సీనియర్ సెట్టింగ్ జోలికి పోలేదు. నా చేతికి టాంగ్ టెస్టర్ (వైరు చుట్టూ పట్టించి కరెంటు కొలిచే మీటరు) ఇచ్చి మూడు ఫేజుల్లో, అంటే మోటారుకి వచ్చే మూడు సప్లై వైర్లలో, కరెంటు ఎంతెంతుందో చదవమన్నారు. రెండు దాదాపు ఒకేలా ఉన్నాయి, మూడోది బాగా తక్కువ. "మోటార్ని వదిలెయ్ రా, వెనక్కి నడు" అన్నారు. మోటారు టెర్మినల్ బాక్సు నుంచి స్టార్టరుకి, స్టార్టరు నుంచి ప్యానెలుకి ఒక్కొక్క జాయింటే చూసుకుంటూ వెళ్లాం. ప్యానెల్లో ఒక లగ్గు (కేబుల్ చివర బిగించే లోహపు తొడుగు) దగ్గర ఇన్సులేషన్ గోధుమరంగుకి తిరిగి ఉంది. బోల్టు గట్టిగానే ఉంది, అందుకే అంతకుముందు ఎవరికీ అనుమానం రాలేదు. సప్లై ఆపి కేబుల్ పట్టుకుని మెల్లగా తిప్పితే లగ్గులోపల తీగలు తిరిగాయి. ఎప్పుడో ఎవరో సరిగ్గా క్రింప్ చెయ్యలేదు, అంటే లగ్గుని తీగల మీద గట్టిగా నొక్కి బిగించలేదు.

ఎందుకలా జరిగిందో ఆయన అప్పుడే అక్కడే చెప్పారు. ఆ లూజ్ కాంటాక్టులో ఒక ఫేజు వోల్టేజి కొంత పోతోంది. మూడు ఫేజుల వోల్టేజిలో 1 శాతం తేడా వచ్చిందంటే కరెంటులో తేడా 6 నుంచి 10 శాతం దాకా ఉంటుంది. ఆ తేడా వల్ల వైండింగ్ మామూలుకన్నా ఎక్కువ వేడెక్కుతుంది. వైండింగ్ మామూలుకన్నా ప్రతి 10 డిగ్రీలు ఎక్కువ వేడెక్కినకొద్దీ ఇన్సులేషన్ ఆయుష్షు సగానికి పడిపోతుందని మా ట్రేడ్‌లో ఒక లెక్క. అంటే మోటారు తప్పు ఏమీ లేదు, ఎక్కడో దూరంగా ఉన్న లగ్గు దాన్ని రెండుసార్లు చంపింది. లగ్గు మార్చడానికి పదిహేను నిమిషాలు పట్టింది. ఆ మోటారు తర్వాత నేను అక్కడ ఉన్నంతకాలం కాలలేదు.

ఇందులో చేతిపని ఎంత, తలపని ఎంత అని మీ ఇంట్లోవాళ్లని అడిగి చూడండి.

ఇక కోర్సు అవసరమా, ఎవరైనా మేస్త్రీ దగ్గర పెడితే చాలదా అని కూడా అడిగారు. రెండూ కావాలండి. కేవలం పనిలోనే నేర్చుకున్నవాళ్లలో నాకన్నా చెయ్యి తిరిగినవాళ్లని చాలామందిని చూశాను. కానీ మోటారు వేగం మార్చే డ్రైవులు, యంత్రాల్ని ప్రోగ్రాం ప్రకారం నడిపే పీఎల్‌సీలు వచ్చాక వాళ్లలో కొందరు డ్రాయింగ్ చదవలేక వెనకబడిపోయారు, చూస్తుంటే బాధేసింది. కోర్సు మాత్రమే చేసి వచ్చినవాళ్ల కష్టం ఇంకో రకం. సర్క్యూట్ గీసి చూపిస్తారు, స్క్రూడ్రైవర్ పట్టుకుంటే చెయ్యి వణుకుతుంది. జర్మనీలో ఈ రెండింటినీ కలిపి నడుపుతారు. వారంలో ఒకటి రెండు రోజులు స్కూలు, మిగతా రోజులు కంపెనీలో పని, దానికి నెలనెలా భత్యం. ట్రేడుని బట్టి రెండు నుంచి మూడున్నరేళ్లు. ఆ తర్వాత అనుభవం సంపాదించి మైస్టర్ (ట్రేడులో నిపుణుడి స్థాయి) పరీక్ష పాసైతే, ఆ అర్హతని అక్కడి అర్హతల పట్టికలో బ్యాచిలర్ డిగ్రీతో సమానమైన 6వ స్థాయిలో లెక్కిస్తారు. స్విట్జర్లాండ్‌లోనైతే స్కూలు అయ్యాక దాదాపు మూడింట రెండొంతుల పిల్లలు వెళ్లేది వృత్తి విద్యకే. "రేపు చదవాలనిపిస్తే దారి మూసుకుపోతుందేమో" అన్నది మీ భయం కదా. అక్కడ ట్రేడ్ చేస్తూనే ఇంకో పరీక్ష రాసి, పనికి దగ్గరగా ఉండే చదువులు చెప్పే అప్లైడ్ సైన్సెస్ యూనివర్సిటీలో చేరే దారి ఉంచారు. మీరు చూస్తున్న కోర్సుకి అలాంటి దారి ఉందో లేదో చేర్చకముందే కనుక్కోండి. ఉంటే సగం టెన్షన్ తగ్గుతుంది.

సంస్థని ఎంచుకునేటప్పుడు బిల్డింగు చూసి మోసపోవద్దు. నేనైతే వర్క్‌షాప్‌లో చెత్తడబ్బా చూస్తాను. నవ్వకండి. తెగిన వైరు ముక్కలు, తప్పుగా క్రింప్ చేసిన లగ్గులు, వంకరగా వంగిన పైపులు నిండుగా ఉన్నాయంటే అక్కడ పిల్లలు నిజంగా చేస్తున్నారని అర్థం. డబ్బా ఖాళీగా ఉండి, పరికరాలు అద్దాల బీరువాలో తళతళలాడుతుంటే వెనక్కి తిరగండి. ఒక బెంచికి ఎంతమందో కూడా అడగండి. పదిమంది చుట్టూ నిలబడి ఒకడు చేస్తుంటే నేర్చుకునేది ఆ ఒక్కడే.

కష్టాలూ చెప్పాలి కదా. మొదటి కొన్నేళ్లు చేతికొచ్చేది తక్కువ. డిగ్రీలో చేరిన స్నేహితులు ఏసీ గదుల్లో ఫొటోలు పెడుతుంటే మనం కేబుల్ ట్రెంచ్‌లో ఉంటాం. అర్ధరాత్రి ఫోన్లు వస్తాయి. నా మోకాళ్లు నలభైకే మూలగడం మొదలుపెట్టాయి. మోకాలి ప్యాడ్లు వాడమని చెప్పినప్పుడు నవ్వాను, మీ వాడిని నవ్వొద్దనండి. ఏఐ వస్తే ఈ పని పోతుందా అని ఈమధ్య అందరూ అడుగుతున్నారు. ఎర్రర్ కోడ్ స్క్రీన్ మీద ఎప్పటినుంచో వస్తోంది, ప్యానెల్ తలుపు తెరవడానికి ఇంకా నన్నే పిలుస్తున్నారు.

అన్నింటికన్నా పెద్ద సంగతి ప్రమాదం. మొదటి ఏడాదే నాకు షాక్ కొట్టింది. టెస్టర్ పెట్టి చూశాను, వెలగలేదు, సప్లై లేదనుకుని వైరు పట్టుకున్నాను. పోయింది సప్లై కాదు, టెస్టర్లోని బల్బు. నిచ్చెన మొదటి మెట్టు మీదే ఉన్నాను కాబట్టి వెనక్కి పడి మోచెయ్యి గీరుకుపోవడంతో సరిపోయింది. ఇంకో నాలుగు మెట్లు ఎక్కి ఉంటే ఇవాళ ఈ జవాబు రాసేవాణ్ణి కాదు. మాకది క్లాసులో చెప్పారు కూడా. ముందు కరెంటున్న చోట టెస్టర్ని పరీక్షించాలి, తర్వాత పని చేయాల్సిన చోట చూడాలి, ఆ తర్వాత మళ్లీ కరెంటున్న చోట పెట్టి అది పనిచేస్తోందని తేల్చుకోవాలి. ఆరోజు తొందరలో మొదటిదీ చివరిదీ వదిలేశాను. ఇప్పుడు నా దగ్గరికొచ్చే అప్రెంటిస్‌లకి మొదటి వారం ఇది తప్ప ఇంకేం నేర్పను. విసుక్కుంటారు, విసుక్కోనివ్వండి.

మీ వాడికి ఇది సరిపడుతుందో లేదో తెలియాలంటే కౌన్సెలింగులు అక్కర్లేదు. ఇంట్లో పాడైన పాత ఇస్త్రీపెట్టె ఉంటే ప్లగ్ తీసి, వైరుతో సహా వాడి ముందు పెట్టండి. విప్పనివ్వండి, మీరు మాత్రం ఏమీ చెప్పొద్దు. విప్పిన స్క్రూలు వరసగా పెట్టుకుంటున్నాడా, మధ్యలో ఆగి ఏది ఎక్కడినుంచి వచ్చిందో రాసుకుంటున్నాడా, లోపల కాలిన చోట వేలు పెట్టి "ఇక్కడే ఎందుకు కాలింది?" అంటున్నాడా, అదొక్కటి గమనించండి. బిగించాక అది పనిచేయకపోయినా ఫర్వాలేదు. మళ్లీ ప్లగ్ పెట్టేముందు మాత్రం తెలిసినవాళ్లకి ఒకసారి చూపించండి.