క్రీములు అమ్మే మీరే క్రీముల చదువుకి సిగ్గుపడితే ఎలా?

ప్రశ్న: మాది తెనాలి. ఇరవై రెండేళ్లుగా మెడికల్ షాపు నడుపుతున్నాను. మా అబ్బాయి బీఫార్మసీ మూడో సంవత్సరం. ఎంఫార్మసీ చేయించి ఏదైనా మంచి మందుల కంపెనీలో చేర్పించాలని మా ఆశ. వాడేమో మగవాళ్ల ఫేస్ వాష్‌లు, క్రీములతో సొంత బ్రాండ్ పెడతానంటున్నాడు. ఇద్దరు స్నేహితులతో కలిసి మొదలుపెట్టడానికి తన వాటాగా పది లక్షలు అడుగుతున్నాడు. మొహానికి ఏవేవో రాసుకుని వీడియోలు పెడుతుంటే చుట్టాల్లో తలెత్తుకోలేకపోతున్నాం. అసలు ఈ రంగానికి భవిష్యత్తు ఉందా? ఉంటే ఎంఫార్మసీ మంచిదా, ఎంబీఏ మార్కెటింగ్ మంచిదా? మగపిల్లాడికి ఇది తగిన పనేనా?
- ఒక తండ్రి

జవాబు: అయ్యా, మీరు పంపిన నాలుగు పేజీల ఉత్తరాన్ని కుదించి పైన వేశాం. అసలు ఉత్తరంలో ‘చుట్టాలు’ అన్న మాట ఆరుసార్లు వచ్చింది. అబ్బాయికి కెమిస్ట్రీ అంటే ఇష్టమా, ఇంతవరకూ తన చేత్తో ఒక్క క్రీమయినా కలిపి చూశాడా, ఆ స్నేహితులిద్దరూ ఏం చదువుతున్నారు, ఇవేవీ లేవు. కాబట్టి ముందు మీతో మాట్లాడాలి. అబ్బాయి సంగతి తర్వాత.

ఈ ప్రశ్న నాకు కొత్త కాదు. ఒకప్పుడు హోటల్ మేనేజ్‌మెంట్ గురించి ఇలాగే అడిగేవారు, "మావాడు గరిటె పట్టుకోవడమేంటండీ" అని. తర్వాత ఫ్యాషన్ డిజైనింగ్, "మిషను కుట్టడానికా ఇంత చదివించింది" అని. ఇప్పుడు మొహం క్రీముల వంతు. పైకి అందరూ "స్కోప్ ఉందా" అనే అడుగుతారు. లోపలి భయం మాత్రం నలుగురూ నవ్వుతారేమోనని. డబ్బు పోతుందన్న భయమైతే నేను కూడా మీ పక్షమే, దాని గురించి కింద చాలా రాస్తాను. నవ్వుతారన్న భయానికి మాత్రం నా దగ్గర మందు లేదు, మీ షాపులోనూ ఉండదు.

ఒక్కసారి మీ కౌంటరు వెనక అద్దాల అరకేసి చూడండి. గార్నియర్ మెన్, నివియా మెన్ కనిపించకుండా ఉంటాయా? వాటి మీద వచ్చిన మార్జిన్‌లో కొంత మీ అబ్బాయి కాలేజీ ఫీజుకే పోయి ఉంటుంది. అమ్మితే వ్యాపారం, తయారుచేస్తే పరువు తక్కువా? ఇంకోటి. గోడకి తగిలించుకున్న మీ షాపు లైసెన్సు ఏ చట్టం కింద వచ్చింది? 1940 నాటి ఔషధాలు, సౌందర్య సాధనాల చట్టం. ఆ పేరులో మొదటి సగం మీ బతుకుతెరువు. రెండో సగం మీవాడు చేస్తానంటున్న పని. బీఫార్మసీ ఆఖరి సెమిస్టరులో కాస్మెటిక్ సైన్స్ అని ఒక ఎలెక్టివ్ ఉంటుంది. ఎంఫార్మసీలో ఫార్మాస్యూటిక్స్ (మందుని వాడే రూపంలోకి తెచ్చే విద్య) తీసుకుంటే కాస్మెటిక్స్, కాస్మెస్యూటికల్స్ (మందులాంటి గుణాలున్న సౌందర్య సాధనాలు) అని ఏకంగా ఒక పేపరే ఉంది. వాడు మీ దారి వదిలి ఎక్కడికీ పోలేదు.

ఇక భవిష్యత్తు. మన దేశంలో మగవాళ్ల కోసమే అని గట్టిగా చెప్పుకుని వచ్చిన తొలి పెద్ద క్రీము 2005లో ఇమామీ కంపెనీ తెచ్చిన ఫెయిర్ అండ్ హ్యాండ్‌సమ్. అంతకు ముందు మగపిల్లలు ఏం చేసేవారో మీకు నేను చెప్పాలా? అక్కదో చెల్లెలిదో ట్యూబు, తలుపు గడియ వేసుకుని. ఆ దొంగచాటు వాడకాన్ని పసిగట్టి షారుఖ్ ఖాన్‌తో ప్రకటనలు చేయించారు. ‘తెలుపు’ అన్న మాట మీదే పదిహేనేళ్లు నడిచింది. 2020లో హిందుస్థాన్ యూనిలీవర్ తన ఆడవాళ్ల క్రీము పేరులోంచి ‘ఫెయిర్’ తీసేసి ‘గ్లో’ పెట్టింది. ఇమామీ క్రీము కూడా తర్వాత స్మార్ట్ అండ్ హ్యాండ్‌సమ్ అయింది. 2013లో 79 రూపాయలు పెట్టి ఆ క్రీము కొన్న ఢిల్లీ మనిషి ఒకరు, చెప్పినట్టు తెల్లబడలేదని కేసు వేస్తే, 2024 డిసెంబరులో అక్కడి వినియోగదారుల ఫోరం కంపెనీని సుమారు 15 లక్షలు కట్టమంది. మార్కెటింగ్ చదవాలనుకునేవాడు మొదట చదవాల్సిన పాఠం ఇదే: లేబుల్ మీద రాసిన ప్రతి మాటకీ ఎప్పుడో ఒకప్పుడు ఎవరో లెక్క అడుగుతారు.

రెండో అల గడ్డం నూనెలతో వచ్చింది. అహ్మదాబాద్‌లో 2015లో పుట్టిన బియర్డో అనే బ్రాండులో మారికో కంపెనీ 2017లో వాటా కొని, 2020లో మొత్తం తీసేసుకుంది. అదే 2015లో మొదలైన ద మ్యాన్ కంపెనీ ఇప్పుడు ఇమామీ చేతిలో ఉంది. మీవాడి కళ్ల ముందున్నవి ఈ కథలే. తప్పు లేదు. కాకపోతే అమ్ముడుపోయిన బ్రాండ్ల పేర్లే పేపర్లో వస్తాయి, మూతపడ్డవాటి పేర్లు కొరియర్ ఆఫీసువాళ్లకి కూడా గుర్తుండవు.

సొంత బ్రాండ్ గురించి నా అనుమానాలు దాచుకోను. ఈ రోజుల్లో బ్రాండ్ పెట్టడం తేలిక. హిమాచల్ ప్రదేశ్‌లోని బద్దీలోనో, మన జీడిమెట్లలోనో లైసెన్సున్న ఫ్యాక్టరీకి ఫోన్ చేస్తే సిద్ధంగా ఉన్న ఫార్ములాల్లోంచి మూడు శాంపిల్స్ పంపుతారు. వాసన చూసి ఒకటి ఎంచుకుని, పేరు పెట్టి, నల్ల ట్యూబులో పోయించుకుంటే సరి. అదే క్రీము ఇంకో తొమ్మిది పేర్లతో తొమ్మిది ఊళ్లలో తిరుగుతుంటుంది. ఇందులో తయారీ ఏముంది? శుభలేఖ మీద పేరు మార్చి అచ్చు వేయించడం లాంటిది.

ఊరికే లెక్క కోసం 399 రూపాయల మాయిశ్చరైజర్ అనుకోండి. 18 శాతం జీఎస్టీ కింద దాదాపు 61 రూపాయలు పోయాయి. మిగిలింది 338. క్రీము, ట్యూబు, అట్టపెట్టె కలిపి 80. కొరియరు 60. అమ్మిపెట్టిన యాప్ కమీషను 60. చేతిలో 138 ఉంది. కానీ మీ బ్రాండ్ ఒకటుందని కొనేవాడికి తెలియాలి కదా! ఫోన్లో ప్రకటనలకి ఒక్కో ఆర్డరు మీద 150 పడితే, అమ్మిన ప్రతి ట్యూబుకీ 12 రూపాయలు చేతినుంచి వదులుతాయి. క్యాష్ ఆన్ డెలివరీ పెట్టి, తలుపు దగ్గర "వద్దు" అని తిప్పి పంపేవాళ్ల లెక్క ఇంకా వేయలేదు. "రెండోసారి కొంటే లాభం వస్తుంది" అంటాడు మీవాడు. నిజమే. రెండోసారి కొనాలంటే ట్యూబులో ఉన్నది బాగుండాలి. ఆ ట్యూబులో ఏముందో వాడికే తెలియకపోతే?

నా దగ్గరికి వచ్చే కుర్రాళ్లలో ఒకడు ఇలాగే గడ్డం నూనె బ్రాండ్ పెట్టాడు. లోగో చూస్తే ముచ్చటేసింది. రెండు వేల సీసాలు చేయించాడు. మే నెలలో కొరియర్‌లో మూతలు కారాయి, పెట్టెలన్నీ నూనె. ఆ మూత ఆ నూనెకి పనికొస్తుందో లేదో ఎవరూ పరీక్షించలేదు. ఫ్యాక్టరీవాళ్లు "మాకు సంబంధం లేదు" అన్నారు. ఆ కుర్రాడు ఇప్పుడు బెంగళూరులో ఒక కంపెనీ ప్యాకేజింగ్ విభాగంలో ఉన్నాడు, చక్కగా చేస్తున్నాడు. కాకపోతే ఆ పాఠానికి వాళ్ల నాన్న అరెకరం అమ్మాల్సి వచ్చింది.

అసలు తయారీ అంటే ఏమిటో మీకైనా, వాడికైనా తెలియాలి. మగవాళ్ల చర్మం సగటున కొంచెం మందం, నూనె ఎక్కువ ఊరుతుంది, రోజూ బ్లేడు తగులుతుంది, తెగిన వెంట్రుక లోపలికి తిరిగి పొక్కులు లేస్తాయి. వీటికి తగ్గట్టు తేలికైన జెల్ లాంటి బేస్ కావాలి. మన పిల్లలు బైకు మీద తిరుగుతారు, హెల్మెట్ పట్టీ కింద చెమట, ఆ చెమటకి సన్‌స్క్రీన్ కరిగి కళ్లలో మంట. ఆ సన్‌స్క్రీన్‌లో జింక్ ఆక్సైడ్ ఎక్కువైతే మన రంగు మీద బూడిద పూసినట్టు కనిపిస్తుంది, రెండో రోజు ట్యూబు ముట్టరు. ఇవి తీర్చగలిగితే అది మగవాళ్ల ఉత్పత్తి. ఆడవాళ్ల క్రీములో రెండు చుక్కల పుదీనా వాసన కలిపి, సీసాకి నల్లరంగు వేస్తే కాదు. బజారులో ఉన్నవాటిలో ఈ రెండో రకం బోలెడు.

కలిపిన క్రీము మర్నాడు బాగుంటే చాలదు. 40 డిగ్రీల వేడి, 75 శాతం తేమ ఉన్న పెట్టెలో నెలల తరబడి పెట్టి నీళ్లూ నూనే విడిపోతున్నాయా, రంగు మారుతోందా, వాసన చెడుతోందా చూస్తారు. మే నెలలో మీ ఊరి గోడౌన్ అన్నమాట. కావాలని బ్యాక్టీరియా, బూజు వేసి ప్రిజర్వేటివ్ వాటిని చంపుతోందో లేదో పరీక్షిస్తారు. పీహెచ్, అంటే ఆమ్ల గుణం కొలత, చర్మానికి దగ్గరగా ఐదున్నర అటూ ఇటూ ఉంచాలి. పాదరసంలాంటివి కావాలని కలపకూడదని 2020 నాటి కాస్మెటిక్స్ రూల్స్ ఖరాఖండిగా చెప్తున్నాయి. "మొటిమలు నయం చేస్తుంది" అని రాస్తే అది సౌందర్య సాధనం కాదు, మందు కిందికి వస్తుంది, దాని లైసెన్సు వేరు. ఇన్ని తెలిసినవాళ్లు ఇంకా తక్కువమందే ఉన్నారు, అందుకే ఉద్యోగం ఉంది. ఇది మీకు ధైర్యం చెప్పడానికి రాస్తున్న మాట కాదు. యాప్ ప్రకటనల్లో కనిపించే మొహాల వెనక ఫార్ములేషన్ కెమిస్టులు, క్వాలిటీ వాళ్లు, రెగ్యులేటరీ కాగితాలు చూసేవాళ్లు, ముడిసరుకు కంపెనీల ల్యాబుల్లో పనిచేసేవాళ్లు ఉంటారు. వీడియోల్లో కనపడరు కాబట్టి వాళ్లున్నారని ఎవరికీ తట్టదు.

మీరు అడిగిన పోలిక సంగతి. బీకర్ పట్టుకుంటే టైమ్ తెలియని పిల్లాడైతే ఎంఫార్మసీ ఫార్మాస్యూటిక్స్, ప్రాజెక్టు మాత్రం చర్మం మీద రాసే ఉత్పత్తి మీదే చేయాలి. టాబ్లెట్ మీద చేసి కాస్మెటిక్ కంపెనీకి వెళ్తే ఇంటర్వ్యూలో తేలిపోతుంది. ఇంకో మాట, హైదరాబాద్ మందుల రాజధాని, క్రీములది కాదు. యూనిలీవర్, ఐటీసీ, హిమాలయ పరిశోధన కేంద్రాలు బెంగళూరులో ఉన్నాయి, మారికో ముంబైలో. ఊరు వదలడానికి సిద్ధపడాలి. పిల్లాడు కాదు, మీ ఇద్దరూ. ఎంబీఏ అంటారా, పెద్ద కంపెనీల బ్రాండ్ మేనేజర్ కుర్చీలు ఎక్కువగా ఐఐఎంల వైపే పోతాయి. మామూలు కాలేజీ ఎంబీఏకి దొరికేది ఏరియా సేల్స్: డిస్ట్రిబ్యూటర్లు, బీట్లు (వరసగా తిరగాల్సిన షాపులు), నెలాఖరు టార్గెట్లు, ఎండలో బైకు. ఆ పని మీద నాకు చిన్నచూపు లేదు. సరుకు ఎందుకు కదలదో అక్కడ తెలిసినంతగా క్లాసులో తెలియదు. రెండింట్లో ఏది గొప్పదని నేను చెప్పలేను, పిల్లాణ్ణి చూడకుండా అసలే చెప్పలేను. ఇప్పటికి డిగ్రీ పూర్తిచేసి, రెండేళ్లు ఎక్కడైనా క్రీములు కలిపేచోట జీతానికి పనిచేసి, తర్వాత ఆలోచించుకుంటే కొంప మునగదు. ఇరవై ఒక్క ఏళ్లవాడికి ఆలస్యమైందని మీరే టెన్షన్ పడుతున్నారు.

పది లక్షలు ఇప్పుడు ఇవ్వకండి. అలాగని "ఒక్క పైసా ఇవ్వను" అని తలుపు వేయకండి. ఓ ముప్పై వేలు ఇచ్చి చిన్న త్రాసు, స్టిర్రర్, పీహెచ్ మీటర్, పావుకిలో లెక్కన ముడిసరుకు తెచ్చుకోమనండి. నేర్చుకోవడానికే, అమ్మడానికి కాదు. తయారుచేసి అమ్మాలంటే లైసెన్సు కావాలి, ఆ సంగతి మీకంటే ఎవరికి తెలుసు? ఏది రాసుకున్నా ముందు మోచేతి మడతలో రాసి ఒక రోజు ఆగమనండి.

పది లక్షల విలువైన వస్తువు ఒకటి మీ దగ్గరే ఉంది, మీరు చూడట్లేదు. ఈ వేసవి సెలవుల్లో సాయంత్రం ఆరు నుంచి తొమ్మిది దాకా అబ్బాయిని కౌంటర్లో కూర్చోబెట్టండి. ఒక నోట్‌బుక్ ఇవ్వండి. ఎవరు ఏ క్రీము పేరు చెప్పి అడిగారు, ఎవరు పేరు తెలియక "మొహానికి ఏదైనా" అన్నారు, ఎవరు ధర చూసి వెనక్కి పెట్టారు, ఎవరు అక్క కోసమని చెప్పి తనకోసం కొన్నారు. డాక్టరు చీటీ లేకుండా స్టెరాయిడ్ క్రీము అడిగి, తెల్లబడటానికని గొణిగేవాళ్లు రోజుకి ఎంతమందో కూడా రాయమనండి. 2018లో వాటిని చీటీ ఉంటేనే అమ్మాల్సిన మందుల జాబితా అయిన షెడ్యూల్ హెచ్‌లోకి తెచ్చారు. చీటీ లేకుండా మీరు ఇస్తున్నారో లేదో నేను అడగను, మీవాడు మాత్రం చూస్తాడు. అలాంటి క్రీము నెలల తరబడి రాసి చర్మం పలచబడ్డ కుర్రాడి మొహం ఒక్కటి దగ్గర్నుంచి చూస్తే, ఏం అమ్మకూడదో వాడికి అక్కడే తెలుస్తుంది.

వీడియోల సంగతి మరిచాను. ఆపమనకండి. డబ్బు తీసుకుని ఏ బ్రాండ్ గురించైనా చెప్తే అది ప్రకటన అని పైనే రాయాలన్న నిబంధన ఉందని గుర్తుచేయండి చాలు. మీ చుట్టాల్లో ఎవరైనా నవ్వితే, వాళ్ల ఇంటి బాత్రూమ్ అరలో ఏముందో అడగండి.

నోట్‌బుక్ వంద పేజీలు నిండాక నాకు ఉత్తరం రాయమనండి. ఈసారి మీరు కాదు, అబ్బాయి.