హార్న్ డ్రైవర్‌కు డూప్లికేట్ డయాఫ్రమ్ వేసే ముందు

రెండు స్పీకర్ బాక్సుల్లోనూ హార్న్ డ్రైవర్ (సన్నని, కీచు శబ్దాలిచ్చే భాగం) డయాఫ్రమ్‌లు, అంటే కంపించి శబ్దమిచ్చే పలుచని రేకులు, పోయాయని, ఒరిజినల్ ధరలో నాలుగో వంతుకే డూప్లికేట్ దొరుకుతోందని, వేసుకోవచ్చా అని మీరు అడిగారు. వేసుకోవచ్చు, అయితే జతగా కొలిచి చూసిన తర్వాతే. పద్దెనిమిదేళ్లుగా తెనాలి చుట్టుపక్కల పెళ్లిళ్లకూ సభలకూ సౌండ్ సిస్టమ్ అద్దెకిస్తూ, రిపేర్లు సొంతంగా చేసుకుంటున్న నాకు తెలిసినంతలో, డూప్లికేట్ డయాఫ్రమ్ మోగడానికి మోగుతుంది, పక్కదానిలా మోగదు.

మూడేళ్ల క్రితం హైదరాబాద్ కోఠిలోని గుజరాతీ గల్లీ నుంచి 44 మిల్లీమీటర్ల కాయిల్ (డయాఫ్రమ్‌ను కదిలించే తీగచుట్ట) ఉన్న, 8 ఓమ్‌ల టైటానియం డయాఫ్రమ్‌లు ఆరు తెచ్చాను. అన్నింటికీ ఒకే రకం అట్టపెట్టె, ఒకే లేబుల్. కాయిల్ రెసిస్టెన్స్‌ను మల్టీమీటర్‌తో కొలిచి, మీటరు తీగల కొనలు ఒకదానికొకటి తాకించినప్పుడు కనిపించే 0.2 ఓమ్‌లను తీసేసి చూస్తే, నాలుగు 5.8, 5.9 దగ్గర ఆగాయి, ఒకటి 6.4, మరొకటి 5.2 చూపించాయి. 8 అని రాసి ఉన్న కాయిల్ మీటరు మీద ఆరుకు అటూ ఇటూగా చూపడం మామూలే కనుక దానికి కంగారు పడనక్కర్లేదు. ఒకే సరుకులో ఇంత తేడా ఉందంటే మాత్రం చుట్ల లెక్కో, తీగ మందమో తప్పిందన్నమాట. ఆ రెండింటినీ వెంటనే పక్కన పెట్టేశాను.

మిగిలిన నాలుగింటినీ అక్కడితో నమ్మి ఉంటే మోసపోయేవాణ్ణి. ఉచితంగా దొరికే ఆర్ఈడబ్ల్యూ అనే సౌండ్ కొలిచే కంప్యూటర్ ప్రోగ్రామ్, యూఎస్‌బీ సౌండ్ కార్డు, 100 ఓమ్‌ల రెసిస్టర్ పెట్టుకుని, ఒకే మాగ్నెట్ మీద, ఒకే హార్న్‌తో, ఒక్కొక్కదాన్నీ బిగించి ఇంపిడెన్స్ గీత (ఏ ఫ్రీక్వెన్సీ దగ్గర కాయిల్ కరెంటుకు ఎంత అడ్డుపడుతుందో చూపే గ్రాఫు) తీశాను. మూడింటిలో మొదటి శిఖరం 620 హెర్ట్జ్ దగ్గర వస్తే, నాలుగోదానిలో 760 దగ్గర వచ్చింది. అంచు బిగుసుకుంటే శిఖరం పైకి జరుగుతుంది, డయాఫ్రమ్ మధ్యలోని గోపురం బరువెక్కితే కిందికి దిగుతుంది. భూతద్దం కింద చూస్తే, ఆ నాలుగోదాని అంచు మడతలోకి జిగురు పాకి గట్టిపడి కనిపించింది. మల్టీమీటర్‌కు ఈ సంగతి తెలిసే దారే లేదు.

బిగించేటప్పుడు మాగ్నెట్ గ్యాప్‌లోని (కాయిల్ కదిలే సన్నని సందులోని) ఇనుప రజను మాస్కింగ్ టేపు మడిచి దింపి తీయండి. స్క్రూలు సగమే బిగించి, బాగా తక్కువ వాల్యూమ్‌లో 500 నుంచి 5,000 హెర్ట్జ్ వరకు స్వీప్ (మెల్లగా పైకి పెరిగే శబ్దం) పంపితే, కాయిల్ ఎక్కడైనా రాసుకుంటున్నప్పుడు జర్రుమనే శబ్దం వినిపిస్తుంది. అది పోయేదాకా వెంట్రుకవాసి జరిపి, ఆ తర్వాతే ఎదురెదురు స్క్రూలు బిగించాలి. వైరు తగిలించే చోట ఉండే ప్లస్ గుర్తును కూడా గుడ్డిగా నమ్మకండి. ఒకసారి ఒక పీసులో అది తారుమారైతే, రెండు బాక్సులూ పక్కపక్కన పెట్టి మధ్యలో నిలబడినప్పుడు మాటలోని సకారాలు మాయమయ్యాయి.

చివరగా, క్రాసోవర్ (హార్న్‌కు పై శబ్దాలు మాత్రమే పంపే సర్క్యూట్) ద్వారా అరగంట పింక్ నాయిస్ (అన్ని స్థాయిల శబ్దాలూ కలిసిన హోరు) ఇచ్చి, ఆపీ ఆపగానే కాయిల్ రెసిస్టెన్స్ కొలుస్తాను. రాగి తీగకు డిగ్రీకి సుమారు 0.39 శాతం చొప్పున పెరుగుతుంది కాబట్టి, 5.8 కాస్తా 7కు చేరితే కాయిల్ యాభై డిగ్రీలకు పైగా వేడెక్కిందని లెక్క. చల్లారాక పాత అంకె తిరిగి రాకపోయినా, స్వీప్‌లో కొత్తగా గరగర వినిపించినా ఆ పీసును వాపసు చేస్తాను.

ఆ ఆరింటిలో రెండు మెయిన్ బాక్సులకు జతగా వెళ్లాయి. గీత కలిసిన మూడోది స్పేరుగా, రీడింగు, తేదీ రాసి డబ్బాలో ఉంది. జిగురు పాకినది స్టేజి మీది మానిటర్‌లో ఒంటరిగా పనిచేస్తోంది, మిగిలిన రెండింటినీ దుకాణదారు కాస్త సణిగి మార్చి ఇచ్చాడు.